మజ్జిగ నీళ్ళ కిందికి వస్తుందా?

నా కడుపులో రాయి ఉందని పోయిన నెల తేల్చారు. మా సీమంతా రాళ్ళే, అందులో ఒకటి నా వంతుకు రావడంలో వింతేముందని నేనంటే డాక్టరు నవ్వలేదు. ఏమి తినాలో, ఏమి తాగాలో చెప్పే అమ్మాయి దగ్గరికి పంపాడు. ఆ అమ్మాయికి నా మనవరాలి వయసుంటుంది. కాగితం ముందు పెట్టుకుని, రోజుకు ఎంత ద్రవం తీసుకుంటారని అడిగింది. ద్రవమంటే ఏమిటన్నాను. తాగేదంతా ద్రవమేనట. నీళ్ళు, మజ్జిగ, జావ, కాఫీ, అన్నీ.

"మజ్జిగ నీళ్ళ కిందికి వస్తుందా?" అని అడిగాను.

"వస్తుంది కదవ్వా," అంది, ఇంత చిన్న సంగతి కూడా తెలియదా అన్నట్టు.

నాకు నవ్వాగలేదు. సరిగ్గా ఈ ప్రశ్న మీద మా ఊరు ఒక వేసవంతా పంచాయితీ చేసింది. ఇంత తేలిగ్గా తేల్చే మనిషి అప్పుడు మాకు ఒక్కరూ దొరకలేదు.

మాది కన్నడ సరిహద్దు పక్క ఊరు. మాటల్లో సగం అటువైపువి, దుమ్ము మాత్రం పూర్తిగా మాదే. నీళ్ళు లేని చోట నీళ్ళ మాటలు ఎక్కువ పుడతాయేమో. తీపినీళ్ళు, ఉప్పునీళ్ళు, ఊటనీళ్ళు, చెలమనీళ్ళు, పప్పు ఉడకని నీళ్ళు, బట్టలకు తప్ప దేనికీ పనికిరాని నీళ్ళు అని మా జేజి కడవలోకి తొంగి చూసి చెప్పేసేది. జేజి అంటే మా నాయన తల్లి. తాగడంలోనూ రకాలే. అంబలి జుర్రేవాళ్ళం. మజ్జిగ ఎత్తి పోసుకునేవాళ్ళం. కషాయం ముక్కు మూసుకుని ఒక్క గుటకలో మింగేవాళ్ళం. కాఫీ చప్పరించేవాళ్ళం, అదీ జ్వరం వస్తేనే. బీడీ కూడా తాగేదే. కల్లు తాగినవాణ్ణి మాత్రం తాగాడని అనేవాళ్ళు కాదు. నిషేధం రోజులు. "వానికి ఈ పొద్దు ఎండ ఎక్కువ తగిలినాది" అనేవాళ్ళు. కొందరికి శ్రావణమాసంలో, ముసురు పట్టిన రోజున కూడా ఎండ తగిలేది.

ఎండన పడి వచ్చిన మనిషిని, ఏం పని మీద వచ్చావని అడిగేముందు దప్పి తీర్చాలి. అది పద్ధతి. అయితే నీళ్ళు ఎట్లా ఇచ్చారో చూస్తే ఆ వచ్చింది ఎవరో తెలిసిపోయేది. చుట్టమైతే చెంబు చేతికి ఇస్తారు. కొత్తవాళ్ళయితే చెంబు అరుగు మీద పెడతారు, వాళ్ళే తీసుకుంటారు. ఊరికి అవతలి పేట వాళ్ళయితే వాకిలి బయట నిలబడి దోసిలి పడతారు, పైనుంచి పోస్తారు. ఇది నాకు ఎవరూ నేర్పలేదు. నడక వచ్చినట్టే వచ్చింది.

పెళ్ళి సంబంధానికి ఇంకో పద్ధతి. మాట్లాడ్డానికి వచ్చినవాళ్ళు మాట కుదిరేదాకా పిల్ల ఇంట్లో పచ్చి నీళ్ళు ముట్టరు. కుదిరితే పిల్లవాడి నాయన చెంబెత్తి తాగుతాడు. ఆ తాగడంతో పిల్ల వాళ్ళదైపోయినట్టే. తాంబూలాలు ఆ తర్వాతి సంగతి.

జేజికి ఒక్కడే తమ్ముడు. వీధికి అటువైపు, మా ఎదురిల్లే. మా సొంత తాత నేను పుట్టకముందే పోయాడు కాబట్టి నాకు తాతంటే ఈయనే. అక్కాతమ్ముళ్ళిద్దరిదీ ఒకే ముక్కు, ఒకే మొండితనం. వాళ్ళిద్దరూ రెండు పొయ్యిరాళ్ళు, మూడోది దొరికితే వంట చేసుకోవచ్చని ఊళ్ళోవాళ్ళు అనేవాళ్ళు. మా అత్తను, అంటే నాయన చెల్లెలిని, తాత కొడుక్కే ఇవ్వాలని ఆమె ఉయ్యాలలో ఉన్నప్పుడే అనుకున్నారు. అనుకోవడం పెద్దవాళ్ళు చేశారు గానీ, ఇష్టపడడం వాళ్ళిద్దరూ సొంతంగానే చేసుకున్నారు. నేను మామా అని పిలిచే ఆ పిల్లవాడు, పశువులను చూసే నెపంతో రోజూ మా కొట్టానికి వచ్చేవాడు. మా ఎద్దుల పళ్ళు ఆయన లెక్కపెట్టినన్ని సార్లు సంతలో బేరగాళ్ళు కూడా లెక్కపెట్టి ఉండరు.

ఉగాదికి ముందురోజు గొడవ జరిగింది. నేను అక్కడే ఉన్నాను.

ఇత్తడి సామానంతా వాకిట్లో పోసుకుని జేజి చింతపండూ బూడిదా పట్టించి తోముతోంది. నేను కడుగుతున్నాను, అంటే ఉన్న కాసిన్ని నీళ్ళతో ఆడుకుంటున్నాను. చెంబులన్నీ బూడిదలో ఉన్నాయి. చేతికందేది కడవ మీది మట్టి ముంత ఒక్కటే. అప్పుడు మా కపిలె, అంటే బావిలో నీళ్ళు ఎద్దులతో తోడే మోట, తోలే ఆయన వచ్చి వాకిలి బయట నిలబడ్డాడు.

ఆయన పేరు ఇక్కడ రాయను. మా నాయన కంటే పెద్దవాణ్ణి, పదేళ్ళు నిండని పిల్లనై ఉండి, ఒరే అని కలిపి పిలిచిన పేరు అది. ఇప్పుడు మర్యాద తగిలించి రాస్తే అబద్ధంలా ఉంటుంది. బావి ఎండి కపిలె ఆగిపోయినా ఆయన పని ఆగలేదు. వంకలో ఇసుక తోడి చెలమ తీసేది ఆయనే. ఊరిన నీళ్ళు కడవలకు ముంచుకునేది మేము. మేము ముంచుకుంటుంటే ఆయన గట్టెక్కి దూరంగా నిలబడేవాడు.

ఆ మధ్యాహ్నం కూడా చెలమ తవ్వి వచ్చి దోసిలి పట్టాడు. జేజి ముంతతో పైనుంచి పోసింది. తాగి, చాలన్నట్టు తల పక్కకు ఊపాడు. దోసిట్లో తాగేవాళ్ళకు నోరూ చేతులూ ఖాళీ ఉండవు, తల ఒక్కటే మాట్లాడాలి. సరిగ్గా అప్పుడే తాత చేలోంచి వచ్చాడు. మొహం కందగడ్డలా ఉంది. "అక్కా, దప్పి అయితాంది, నీళ్ళియ్యి," అని చెయ్యి చాపాడు. జేజికి చేతుల నిండా బూడిద, తల నిండా పండగ పనులు. ముంత ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంది.

"పట్టు," అంది.

తాతకు అర్థం కాలేదు. చాపిన చెయ్యి అట్లాగే ఉంచి నిలబడ్డాడు.

"పట్టురా, చెయ్యి పీకుతాంది," అని జేజి ముంత వంచింది.

తాత చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పక్కన మూతి తుడుచుకుంటున్న కపిలె ఆయన్ని చూశాడు. జేజిని చూశాడు. "వానికి పోసినట్లే నాకూ పోస్తావా?" అన్నాడు.

అప్పుడు జేజి ఒక్కమాట, మరిచిపోయినానురా అని అని ఉంటే అంతటితో పోయేది. కానీ ఆమె పొయ్యిరాయి కదా. నీళ్ళు నీళ్ళే, దప్పయితే తాగు, లేకుంటే పో అంది. తాత వీధి మధ్యకు పోయి, నలుగురూ వినేట్టు ప్రమాణం చేశాడు. తాను గానీ, తన ఇంటి మనిషి గానీ, తన కొట్టంలో గొడ్డు గానీ ఈ ఇంటి నీళ్ళు తాగితే, తాను తన నాయనకు పుట్టినవాడే కాదన్నాడు. ఆయనే నాకూ నాయన, మధ్యలో ఆయన్నెందుకు లాగుతావురా అని జేజి లోపలినుంచి అరిచింది.

గొడ్డును ఎందుకు కలిపాడని మీరు అనుకోవచ్చు. మా వైపు ప్రమాణాలు అట్లాగే ఉండేవి. ఒక్క మనిషి మీద చేస్తే దానికి బరువు చాలదు. ఇల్లూ వాకిలీ, గొడ్డూ గోదా అన్నీ ఎక్కిస్తేనే అది ప్రమాణం.

పండగ దాటాక గానీ అందరికీ అసలు చిక్కు తెలిసిరాలేదు. అత్త పెళ్ళి ఖాయం కావాలంటే తాత మా ఇంట్లో నీళ్ళు తాగాలి. తాగితే ప్రమాణం పోతుంది. పెళ్ళి వద్దని తాత అనలేదు, నీళ్ళే వద్దన్నాడు. నీళ్ళు తాగనివాడి ఇంటికి పిల్లనెట్లా ఇస్తానని జేజి అంది. అంతటితో ఊరుకోకుండా, కణేకల్లు వైపు కొత్తగా కాలవ పారుతున్న ఊళ్ళో ఇంకో సంబంధం కదిపింది. ఆ ఇంట్లో పశువులకు కూడా తీపినీళ్ళేనట, స్నానం రోజూ చేస్తారట. ఏరువాక పున్నమి అయిన నాలుగో రోజు పిల్లను చూడడానికి వస్తామని వాళ్ళు కబురు పంపారు.

అత్త రెండు రోజులు సంగటి ముట్టలేదు. నాకు జడ వేస్తూ, "కాలవను పెండ్లి చేసుకోమంటారేమే నన్ను?" అని అడిగి, జడను గట్టిగా లాగింది. ఆ వేసవిలో ఆమె ఏడుపంతా నా జుట్టు మీదే పడింది. మామ ఎద్దుల పళ్ళు లెక్కపెట్టడానికి వస్తూనే ఉన్నాడు. అత్త మజ్జిగ చెంబు పట్టుకుని గడపలో నిలబడేది. ఆయన ఇంటి మనిషి కాబట్టి ప్రమాణం ఆయనకూ తగులుతుంది. మామ గుటకలు మింగడం చూశాను గానీ మజ్జిగ మింగడం చూడలేదు.

చివరికి బడి అయ్యవారు మధ్యవర్తిగా దిగాడు. తాత తాగనన్నది నీళ్ళు కాబట్టి, నీళ్ళు కానిదేదైనా తాగితే ప్రమాణమూ నిలుస్తుంది, పెళ్ళీ నిలుస్తుందన్నాడు. ఊరంతా మెచ్చుకుంది. తాత కూడా సరేనన్నాడు. నీళ్ళు కానిది ఏమిటో తేల్చడమే మిగిలింది.

తేల్చడానికి రోజూ సాయంత్రం పంచాయితీ. జేజి మా అరుగు మీద, తాత తన అరుగు మీద, మధ్యలో వీధిలో కుర్చీ వేసుకుని అయ్యవారు. అక్కాతమ్ముళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడరు. ఇరవై అడుగుల దూరంలో ఉండి, మా అక్కతో చెప్పండి, వాడితో అనండి అని అయ్యవారి చేత మోయించేవాళ్ళు. మొదట మజ్జిగ పెట్టారు. మజ్జిగంటే ఏమప్పా, పెరుగులో పోసిన నీళ్ళు కాదా అన్నాడు తాత. పాలు పెట్టారు. ఆ బర్రె ఏం తాగి ఇచ్చింది ఈ పాలు, మా అక్క తొట్టిలో నీళ్ళే కదా అన్నాడు. నాయన బళ్ళారి పోయి లేత టెంకాయ తెచ్చాడు. టెంకాయనీళ్ళని పేరులోనే నీళ్ళుండాయి కదా అన్నాడు. అంబలి తాగేదా, తినేదా అని రెండు సాయంత్రాలు వాదించి, తినేదేనని తేల్చి పెడితే, ఎసరు పెట్టకుండా కాచినారా అని అడిగాడు. కాఫీ సంగతి అయితే గ్లాసు మూత కూడా తీయనివ్వలేదు.

తరచూ ఎండ తగిలే ఒక పెద్దమనిషి ఉండేవాడు మా వీధిలో. ఈత కల్లులో చుక్క నీళ్ళుండవు, చెట్టునుంచి దిగినది దిగినట్టే అని మెల్లగా సెలవిచ్చాడు. మొదటిసారి తాత ఆలోచనలో పడ్డాడు. నీళ్ళు కలపని కల్లు అమ్మేవాడు ఈ తాలూకాలో ఇంకా పుట్టలేదని జేజి కొట్టిపారేసింది. ఆ సంగతి ఆమెకెట్లా తెలుసని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

అయ్యవారు ఇక లాభం లేదని అట్టలూడిన నిఘంటువు తెచ్చి, నీళ్ళకు ఎన్ని పేర్లున్నాయో చదివాడు. జలం, ఉదకం, తోయం, సలిలం, నీరం, ఇంకా ఏవేవో. ఒక్కొక్కటి వేలితో పట్టి చదువుతుంటే జేజి చాలాసేపు విని, "ఇన్ని పేర్లుండి, ఒక్క బావిలోనూ లేకపాయె కదా అయ్యవారూ," అంది. ఆ రోజు పంచాయితీ అంతటితో లేచింది.

తాత వద్దన్నదల్లా నా నోట్లోకి వచ్చేది. మజ్జిగ నేనే తాగాను, పాలు నేనే తాగాను, టెంకాయ కొబ్బరితో సహా నేనే. ఆ వేసవిలో ఊరు మొత్తానికి దప్పి లేని ప్రాణి నేనొక్కదాన్నే. నిజం చెప్పాలంటే పంచాయితీ ఇంకో రెండు నెలలు సాగినా నాకు అభ్యంతరం లేదు. అయితే ఏరువాక వారంలోకి వచ్చింది. అత్త జడ లాగడం మానేసింది. దువ్వెన చేతిలో పట్టుకుని ఊరికే కూర్చునేది. అప్పుడు నాకు భయం వేసింది.

ఆ రోజుల్లోనే కొట్టంలో కపిలె ఆయనతో మాట్లాడాను. ఆయన ఆదివారం ఉతికిన పంచె కట్టుకుని మిషను గుడికి, అంటే చర్చికి, పోయేవాడు. అక్కడ ఏదో తాగిస్తారని ఎవరో అంటే, ఏం తాగిస్తారో తెలుసుకోవాలని నాకు ఒకటే కుతూహలం. అందులో నీళ్ళు లేకపోతే తాతకు పనికొస్తుందన్న ఆశ కూడా.

"ద్రాక్షరసం పాపా," అన్నాడు. నెలకొక ఆదివారం, ఒక్క గుటకట.

"దోసిట్లో పోస్తారా?"

"లేదు. గిన్నె చేతికిస్తారు. ఒకరు తాగి ఇంకొకరికి."

"ఎంగిలి కాదా?"

ఆయన మా ఎద్దు గంగడోలు నిమిరాడు. "ఆడ ఎంగిలి లేదు పాపా," అన్నాడు. ఛీ అనిపించింది నాకు. అనేశాను కూడా. ఆయన నవ్వాడు.

తర్వాత ఎద్దు నాలుకకు గల్లుప్పు రుద్దుతూ, ఉప్పు నాకిన గొడ్డును పదిమంది పట్టినా ఆగదని, నీళ్ళున్న చోటికి మనిషిని కూడా ఈడ్చుకునిపోతుందని చెప్పాడు. వీధి అటువైపు కొట్టం చూస్తూ, తాతగారి బూడిదరంగు మైలెద్దుకు ఉప్పంటే మరీ పిచ్చి అని కూడా అన్నాడు. ఊరికే అన్నాడో, కావాలని అన్నాడో ఇప్పటికీ చెప్పలేను. కానీ మరునాడు మా కొట్టం గూట్లో గల్లుప్పు మూట ఒకటి, సరిగ్గా నా చెయ్యి అందే ఎత్తులో ఉంది.

ఏరువాక పున్నమి నాడు ఎద్దులను కడగాలి. కడగడానికి నీళ్ళు లేక తడిగుడ్డతో తుడిచి, కొమ్ములకు రంగులు పూసి, మెడలో గంటలు కట్టారు. మధ్యాహ్నం తాత కునుకు తీస్తుంటే నేను ఆయన కొట్టంలో దూరాను. మైలెద్దు నా అరచేతిలో ఉప్పు నాకింది. దాని నాలుక ఆకురాయిలా గరగరలాడింది. మూడు పిడికిళ్ళు నాకేసరికి నా అరచెయ్యి ఎర్రగా మండింది. అత్త దువ్వెనను తలుచుకుని నాలుగోది కూడా పెట్టాను. తిరిగొచ్చి, మా వాకిలి పక్కన రాతి తొట్టిలో ఉన్న కుడితిలో, నాయన దాచిపెట్టిన చెనక్కాయ గానుగచెక్క పెద్ద ముక్కనే నలిపి కలిపాను. ఆ వాసన నాకే నోరూరించేటట్టుంది.

సాయంత్రం తప్పెట్లతో ఎద్దుల మెరవణి మా వీధికి వచ్చింది. అన్నిటికంటే ముందు కొత్త పంచె, ఎర్ర తలపాగాతో తాత, ఆయన చేతిలో మైలెద్దు. మా ఇల్లు దగ్గరికి రాగానే ఎద్దు ముట్టె ఎత్తి గాలి పీల్చింది. అంతే. తాత ముక్కుతాడు లాగాడు, కాళ్ళు తన్నిపెట్టాడు, హోయ్ హోయ్ అన్నాడు. ఎద్దు ఆయన్ని వీధి ఇటువైపుకు ఈడ్చుకుని వచ్చింది. తలపాగా ఊడి ఒకచోట, చెప్పు ఒకచోట పడింది. ఎద్దు మూతిని కళ్ళదాకా తొట్టిలో ముంచి, గుక్క తిప్పుకోకుండా తాగింది. తప్పెట్లు ఆగిపోయాయి. ఊరంతా నిలబడి ఆ తాగే చప్పుడు విన్నది.

జేజి గడప దాటి వచ్చింది. రెండున్నర నెలల తర్వాత తమ్ముడితో నేరుగా మాట్లాడింది. "ఎవరి ఇంటి నీళ్ళురా అవి?"

"అవి నీళ్ళు కాదు," అన్నాడు తాత, ఆయాసపడుతూ. "కుడితి."

"మజ్జిగలో నీళ్ళుండాయంటివి. అంబలిలో ఉండాయంటివి. బర్రె పొదుగులో కూడా నా తొట్టి నీళ్ళు కనపడె నీకు. ఈ కుడితిలో ఏముండాదిరా, నెయ్యా?"

ఊరు పడీపడీ నవ్వింది. తాత అయ్యవారి వైపు చూశాడు. అయ్యవారికి ఆ వేసవంతా కుర్చీలో కూర్చుని నడుము పట్టేసింది. ఆలస్యం చేయకుండా తీర్పు చెప్పేశాడు. గొడ్డును ప్రమాణంలో కలిపింది తాతే. గొడ్డు తాగింది, కాబట్టి ప్రమాణం తప్పింది. తప్పిపోయిన ప్రమాణాన్ని ఇంకా పట్టుకుని వేలాడడం దేనికి, గంగమ్మకు ఒక టెంకాయ కొట్టి తాగేయమన్నాడు.

జేజి లోపలికి పోయి ఇత్తడి చెంబు తెచ్చింది. బంగారంలా మెరుస్తోంది, అంచుదాకా నీళ్ళు. తాత చెయ్యి చాపలేదు.

"నీళ్ళ సంగతి కాదక్కా," అన్నాడు. "ఆ పొద్దు నన్ను దోసిలి పట్టమంటివి. నన్ను. నీ తమ్ముణ్ణి."

ఆడవాళ్ళు కొంగులు కళ్ళకు ఒత్తుకున్నారు. అప్పుడు, మా ఎద్దులను పట్టుకుని దూరంగా నిలబడి ఉన్న కపిలె ఆయన నవ్వుతూనే అన్నాడు.

"నేను పుట్టినకాడ్నుంచీ దోసిట్లోనే తాగుతాండా సామీ. నేను అలగాలంటే ఎన్ని ఇండ్ల మీద అలగాల?"

కుడితికి నవ్విన దానికంటే ఎక్కువ నవ్వారు జనం. నేనూ నవ్వాను. ఆయనా నవ్వాడు. జేజి నవ్వలేదు, తాత నవ్వలేదు. తాత ఆయన వైపు చాలాసేపు చూశాడు. తర్వాత చెంబు అందుకోకుండా, వంగి, రెండు చేతులూ కలిపి దోసిలి పట్టాడు.

"పొయ్యక్కా."

"చెంబు తెచ్చినాను కదరా," అంది జేజి.

"దోసిట్లోనే పొయ్యి."

జేజి పోసింది. తాతకు పట్టడం రాలేదు. చుక్క నీళ్ళకు కటకటలాడిన ఆ ఏడు సగం చెంబు మోచేతుల వెంట కారి దుమ్ములో కలిసింది. మిగతాది తాగి, చాలన్నట్టు తల పక్కకు ఊపాడు. అత్త తలుపు వెనక నుంచి గట్టిగా ఏడ్చేసింది, ఈసారి నా జుట్టు జోలికి రాకుండా. తాత తడి చేతులు పంచెకు తుడుచుకుంటూ కపిలె ఆయనతో, "పట్టేది రాలేదప్పా, సగం కారిపోయినాయి," అన్నాడు.

"అలవాటైతే కారవు సామీ," అన్నాడాయన.

కాలవ ఊరివాళ్ళకు రావద్దని మరునాడే కబురు పోయింది. శ్రావణంలో పెళ్ళి. అత్త చేసిన ప్రయాణమంతా వీధికి ఇటునుంచి అటు. మైలెద్దును అది చచ్చేదాకా మామ పెళ్ళిపెద్ద అనే పిలిచాడు, దాని చేత పని కూడా తక్కువ చేయించాడు. నా అరచేతి మంట నాలుగు రోజులుంది. గల్లుప్పు సంగతి నేను ఎవరికీ చెప్పలేదు, కపిలె ఆయనా చెప్పలేదు. ఊళ్ళో అందరూ ఆ కథను ఏళ్ళతరబడి చెప్పుకున్నారు. మజ్జిగ, టెంకాయ, కల్లు, నిఘంటువు, ఎద్దు, కుడితి. నేనూ నా పిల్లలకు చెప్పాను, వాళ్ళ పిల్లలకు చెప్పాను. కుడితిలో ఏముండాదిరా, నెయ్యా అన్నచోట ఆపేదాన్ని. అక్కడ అందరూ నవ్వుతారు. ఆ తర్వాతిది చెప్పబుద్ధయ్యేది కాదు.

ఆ తర్వాత జరిగింది ఇంతే. మరునాడు మధ్యాహ్నం కపిలె ఆయన చెలమ తవ్వి వచ్చి వాకిలి బయట నిలబడ్డాడు. జేజి నడవాలో కూర్చుని ఉంది. గూట్లో చెంబులన్నీ తోమినవి తోమినట్టే వరసగా ఉన్నాయి. జేజి వాటి వైపు చూసింది, ఆయన వైపు చూసింది. ఏదో అంటుందని నేను ఎదురుచూశాను. చివరికి, "నీళ్ళు పోసిరాపో పాపా," అంది. నేను ఒక చెంబు తీసుకుని నింపాను. వాకిలిదాకా పోయాను. ఎద్దు నాకిన చేత్తోనే పట్టుకున్నాను, ఇంకా మండుతోంది. ఆ చెంబు ఆయన చేతికి ఇవ్వాలన్న ఆలోచన వచ్చిందో లేదో కూడా నాకు గుర్తులేదు. వచ్చిందనుకుంటే బాగుంటుంది. ఆయన వంగి దోసిలి పట్టాడు. నేను చెయ్యి ఎత్తి, ఎంగిలి తగలనంత ఎత్తునుంచి పోశాను. ఒక్క చుక్క కారలేదు. ఆయన తల పక్కకు ఊపాడు. నేను ఆపాను.

"చెప్పవ్వా," అంది ఆసుపత్రి అమ్మాయి, నా నవ్వు ఆగేదాకా ఓపిక పట్టి. అన్నీ కలిపి రోజుకు ఎంత తాగుతారో సుమారుగా చెప్పమంది. లీటర్లలో తెలియకపోతే గ్లాసుల్లో చెప్పినా చాలంది.

"గ్లాసుల్లోనే రాసుకో తల్లీ," అన్నాను. "నాకెప్పుడూ చేతికే ఇచ్చినారు."

ఆ అమ్మాయికి అర్థం కాలేదు. ఎనిమిది అని రాసుకుంది.